రెల్లు ఏ పద్దు కింద?

చెరువుగట్టున సింహం కొలువు తీర్చింది. లెక్కలు చూసే కొంగ గొంతు సవరించుకుంది.

"మహారాజా, గిజిగాడి పిల్లలు పరాయి గూళ్లు పీకి గడ్డి ఎత్తుకుపోవడం నిరుటికి రెట్టింపైంది."

"రెక్కలు కత్తిరించండి!" అని గర్జించింది సింహం. పీత కత్తెరలు తెరిచింది.

ముసలి గిజిగాడు ముందుకొచ్చాడు. ఆ పిల్లలు తన శిష్యులే.

"మహారాజా, రెల్లుదుబ్బుల్లో వీళ్లకు అల్లిక నేర్పేవాణ్ణి. తమ విహారం కోసం వాటిని నరికించారు. ముక్కుకి పోచ దొరక్కపోతే పిల్లలు దేంతో నేర్చుకుంటారు? అందుకే పక్క గూళ్లమీద పడ్డారు."

సింహం కొంగవైపు తిరిగింది.

"రెల్లు నరికిన సంగతి లెక్కల్లో రాయలేదా?"

"రాయకేం మహారాజా, అభివృద్ధి పద్దు కింద రాశాం."

సింహం మనసు కుదుటపడింది. ఇక కానివ్వమని పీతకు సైగ చేసింది.