కార్డులో హవల్దారు

"గడ్డం కాస్త పైకెత్తండి, హవల్దారు గారూ. దొంగ దొరికినట్టు ముఖం పెట్టండి," అన్నాడు ఆల్బీన్, కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి.

పల్లె రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద హవల్దారు వావ్రా మీసం దువ్వుకున్నాడు. ఎదురుగా ఆల్బీన్ కూతురు మీల్కా బొమ్మల బండి పట్టుకుని నిలబడింది. బండిలో ఐదు బంగాళాదుంపలు కుచ్చు టోపీలు పెట్టుకుని పడుకున్నాయి.

"కింద ఏం అచ్చేస్తారు?"

"'గట్టిగా మాట్లాడకండి, పిల్లలు లేస్తారు' అని. యుద్ధం మూడో ఏడు కదండీ, జనం నవ్వుకోవాలి. పోస్టుకార్డు మీద మీ ముఖం వియన్నా దాకా పోతుంది."

"మా అత్తగారిది ఓలొమొత్స్. అక్కడికీ పోతుందా?"

"ముందు అక్కడికే."

వావ్రా ఊపిరి బిగబట్టాడు. కెమెరా టక్కుమంది.

పల్లెల నుంచి బ్రనో పట్నానికి తిండి పట్టుకెళ్లకూడదని హుకుం. వావ్రా ఉన్నంతసేపు ఆ స్టేషన్లో పిడికెడు పిండి కూడా రైలెక్కదు. చెడ్డవాడేం కాదు. రూలు పుట్టాకే తను పుట్టాననుకునే రకం. ఆ పొద్దున్నే హెడ్వికా ముసలమ్మ పాత కోటు ఇచ్చి తెచ్చుకున్న వెన్నముద్దని లాగేసుకున్నాడు.

రైలు వచ్చింది. ఆల్బీన్ దుంపలు ఏరబోయాడు. వావ్రా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫొటో ఫొటోయే, రూలు రూలే. అవి ఇక్కడ పెట్టండి."

"అయ్యా, మా ఆవిడ పది రోజులుగా మంచం దిగలేదు. కడుపులో తిండి పడితే తప్ప లేవదన్నాడు డాక్టరు. ఇవి దాని కోసమేనండీ!"

"ఒక్కటైనా ఇవ్వు మావయ్యా," అంది మీల్కా. దాని ఏడుపు చూస్తే రాయైనా కరుగుతుంది. వావ్రా ఐదు దుంపలూ తీసుకున్నాడు. టోపీలు మాత్రం తిరిగిచ్చాడు, వాటిమీద నిషేధం లేదు.

"ఒరేయ్ వావ్రా, చిన్నప్పుడు నీ ముక్కు తుడిచినదాన్ని నేను!" అని అరిచింది రైలెక్కబోతున్న హెడ్వికా ముసలమ్మ. "మా బుట్టలేనా నీ కంటికి ఆనేవి? ఆ ఫొటో పెట్టె కూడా విప్పించు!"

ఆల్బీన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"బుద్ధుందా నీకు?" వావ్రా కసిరాడు. "తెరిస్తే వెలుగు పడి పాడైపోతుంది. లోపల నేనున్నాను."

పిల్ల వెక్కిళ్లు ఇంకా ఆగలేదు. వావ్రాకే మనసు చివుక్కుమన్నట్టుంది, కెమెరాను చంటిబిడ్డలా ఎత్తుకుని తనే రైలెక్కించాడు. బల్ల మీద పదిలంగా పెట్టి, "కుదుపు తగలనివ్వకండి" అని మరీ చెప్పాడు.

ఇంట్లో మంచం మీద నుంచి భార్య నీరసంగా అడిగింది. "ఏమైనా తెచ్చారా?"

"దుంపలన్నీ తీసేసుకున్నాడమ్మా," అంది మీల్కా, మళ్లీ కళ్లు నింపుకుని.

ఆల్బీన్ తలుపు గడియ పెట్టి, కెమెరా వెనక మూత తీశాడు.

లోపల, ఎండుగడ్డిలో, ఇరవై గుడ్లున్నాయి.