పొయ్యి బిరడా

తొట్టిలో నీళ్ళు మోకాలెత్తు చేరేసరికి, ఆ నీళ్ళు కాచే ఇనుప పొయ్యి అడుగు నుంచి ధార మొదలైంది. బూడిదను తడుపుకుంటూ మంచు మీదకి నల్లగా పారింది. గవ్రిల గొట్టం వదిలేసి కొళాయి కట్టేయడానికి పరుగెత్తాడు.

అతని భార్య సవేత వంటింటి తలుపులోంచి చూసింది.

"ఏమైంది?"

"పొయ్యి పగిలింది."

"పగలడమేంటి? ఎల్లుండి శనివారం. క్లూజ్ సిటీ నుంచి ఆరుగురు అతిథులు వస్తున్నారు. చలిలో వేడినీళ్ళ తొట్టి ఉందనే కదా మన గదులు తీసుకుంది! లేకపోతే ఈ కొండలో ఏముందని?" చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "పోయిన వారం తొట్టి ఖాళీ చేసినప్పుడు పొయ్యి బిరడా కూడా విప్పావా, లేదా?"

"విప్పాను."

"నిజమేనా? నీళ్ళు నింపకుండా నిప్పు ముట్టించబోయిన మనిషివి. ఆ రోజు నేను చూడబట్టి సరిపోయింది."

"విప్పానన్నానుగా!"

విప్పలేదు. తొట్టి బిరడా లాగితే తొట్టిలో నీళ్ళు పోతాయి గాని, పొయ్యి రెండు గోడల మధ్య అడుగున కొన్ని నీళ్ళు మిగిలిపోతాయి. అవి గడ్డకడితే ఇనుమైనా విచ్చుకుంటుంది. అందుకే పొయ్యికి అడుగున వేరే బిరడా ఉంటుంది. నేల మీద పడుకుంటే గాని అక్కడికి చెయ్యి అందదు. ఆ రోజు నేలంతా బురద. రేపు చూద్దాం అనుకున్నాడు. తెల్లారేసరికి మైనస్ పద్నాలుగు.

"అయితే ఆ ముసలాడి వెల్డింగే," అంది సవేత. "పెట్టి నెలైనా కాలేదు!" అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

కమ్మరి ఇలారియె పావుగంటలో ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. పోస్టు తెచ్చినవాడికి కూడా చిన్న గ్లాసు హోరింకా సారా పోయకుండా పంపని ఇల్లు గవ్రిల వాళ్ళది. సవేత ఆయనకి పోయలేదు. సారా సీసా కిటికీలోనే ఉంది. గవ్రిల దానివంక చూడలేకపోయాడు.

"చూడు బాబాయ్ నీ పనితనం! మా ఆయన తన చేత్తో బిరడా విప్పి నీళ్ళన్నీ తీశాడు. అయినా పగిలింది. ఏమంటావు?"

ఇలారియె మంచులో వెల్లకిలా పడుకుని పొయ్యి కిందకి తల పెట్టాడు. అడుగంతా చేత్తో తడిమాడు. లేచి గవ్రిల ముఖంలోకి చూశాడు.

"బిరడా నువ్వే విప్పావా?"

"నేనే."

"చేత్తోనా, స్పానర్‌తోనా?"

"స్పానర్‌తో. బాగా బిగుసుకుపోయింది."

"నీళ్ళు ఎన్ని వచ్చాయి?"

"బకెట్ నిండా."

"మళ్ళీ బిగించావా?"

"ఇవాళ పొద్దున్నే బిగించాను."

ముసలాయన మీసం మీది మంచు తుడుచుకున్నాడు. "అయితే వెల్డింగే విడిపోయిందమ్మా. తప్పు నాదే. రేపు సాయంత్రానికి బాగుచేసి తెస్తాను."

"నాదే అంటే అయిపోయిందా? వంతెన దగ్గర పారస్కీవ కూడా పొయ్యి నీకే చెప్పిందిగా. ఇప్పుడే చెప్తానుండు ఆవిడకి."

"చెప్పమ్మా," అన్నాడు ఇలారియె.

పొయ్యిని ఇద్దరూ చెరో పక్కా పట్టి ట్రాలీలోకి ఎక్కించారు. సవేత వంగి అడుగు చూడబోయింది. "మసి అమ్మా, బట్టలు పాడవుతాయి," అని ఆయన దాని మీద గోనె కప్పాడు.

పొయ్యి దింపడానికి గవ్రిల కూడా ట్రాక్టర్ ఎక్కాడు. దారిలో ఉండబట్టలేక అన్నాడు, "సవేత మాటలు పట్టించుకోకు బాబాయ్."

"ఆవిడ మాటల్లో తప్పేముంది?" అన్నాడు ముసలాయన, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇలారియె కమ్మరి కొట్టంలో పొయ్యి దింపగానే ఆయన ఫోన్ మోగింది. "చెప్పు పారస్కీవా... సరే తల్లీ... లేదులే, నీ ఇష్టం." ఫోన్ జేబులో పెట్టుకుని గోడ దగ్గరికి నడిచాడు. చేయాల్సిన పనులు ఆయన గోడ మీద సుద్దతో రాసుకుంటాడు. పారస్కీవ పేరును బొటనవేలితో చెరిపేశాడు. దాని కింద ఇంకో పేరు లేదు.

గవ్రిల టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బాబాయ్, నేను అబద్ధమాడాను. బిరడా విప్పలేదు. బురదకి బద్ధకించాను. స్పానరూ బకెట్టూ అన్నీ కల్పించినవే. సవేతకి చెప్పేస్తాను. పారస్కీవ ఇంటికెళ్ళి ఆవిడకీ చెప్తాను. నీ వెల్డింగ్‌కి వంక లేదు."

"నువ్వు విప్పలేదని నాకు అక్కడే తెలుసు."

"తెలిసీ తప్పు నెత్తినేసుకున్నావా?" గవ్రిల ఒక అడుగు ముందుకేశాడు. "పెళ్ళాం ముందు నా పరువు పోతుందనా?"

"నీ పరువు కాదురా."

ఇలారియె గోనె లాగేసి పొయ్యిని తలకిందులు చేశాడు. జేబులోంచి కొత్త ఇత్తడి బిరడా ఒకటి తీసి అడుగు రేకు మీద ఆనించాడు. దాని చుట్టూ సుద్దతో గీత గీశాడు. గవ్రిల వైపు చూడకుండా అన్నాడు:

"సెయింట్ దుమిత్రు పండగలోపు కావాలని తొందరపెట్టారు కదా. ఆ తొందరలో దీనికి బిరడా పెట్టడమే మర్చిపోయాను."