బానెట్ మీద వీల్ కప్పులు

"ఆ ఇరుసు నాకు. దాని మీద చెయ్యి వేశావంటే తర్వాత వేళ్ళు వెతుక్కోవాలి," అంది వెర్లీన్.

డెవిట్ చేతిలో పానా కింద పెట్టలేదు.

"నీకని ఎవరన్నారు? తన తర్వాత నన్నే తీసుకోమని ఆర్విల్ నాతో చెప్పాడు."

"సాక్షి ఎవరు? ఆర్విలేనా? పిలువు మరి. వచ్చి చెప్తాడు."

చుట్టూ నిలబడ్డవాళ్ళు తలలు దించుకున్నారు.

ఆర్విల్ ఇంటిబండి బానెట్ మీద, చక్రాలకు మూతల్లా బిగించే వీల్ కప్పులు నాలుగు వరసగా బోర్లించి ఉన్నాయి. ఈ అరిజోనా ఎడారిలో చలికాలం గడిపే పాత ఇంటిబండ్ల వాళ్ళకి వేరే కబురు అక్కర్లేదు. మనిషి లేడు, బండి పంచుకోండి అని దానర్థం. ఎప్పుడు, ఎలా అని అడగడం ఇక్కడి మర్యాద కాదు. మొదట తెలుసుకుని కప్పులు పెట్టినవాళ్ళు కోరుకున్నది ముందు తీసుకుంటారు. మిగిలింది మిగతావాళ్ళది. ఈ బండ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఒకటి విడిపోతేనే ఇంకో నాలుగు నడుస్తాయి.

కప్పులు పెట్టింది వెర్లీన్.

చిన్న ట్రక్కు వీపు మీద పొయ్యి, పడక, గది అన్నీ ఎక్కించి కట్టిన బండ్లివి. చాలావాటికి కింద ఉన్నది ఇంటి బరువు లెక్కలేకుండా ఉత్త ట్రక్కుకు వేసిన ఇరుసే. చక్రానికి ఐదు నట్లు. ఆరు నట్ల గట్టి ఇరుసు ఏ కొద్దివాటికో ఉంటుంది. ఐదు నట్ల బండితో ఉత్తరాన కనుమ దిగినవాడొకడు, తన వెనక చక్రం తనను దాటి ముందుకు దొర్లిపోవడం చూశాడు. అతను చూసిన ఆఖరి వింత అదే.

వెర్లీన్ బండికి ఐదు. డెవిట్ బండికీ ఐదే. ఆర్విల్ బండికి ఆరు.

మార్చి అయిపోవస్తోంది. కనుమ దాటి చల్లటి ఉత్తరానికి పోలేనివాళ్ళు వేసవంతా ఈ పెనం మీద వేగాల్సిందే. కిందటి వేసవిలో వెర్లీన్ బండి మెట్ల మీదే స్పృహ తప్పింది. నీళ్ళు చల్లి లేపింది డెవిట్. ఇంకో వేసవి ఇక్కడుంటే ఎవరూ లేపలేరని డాక్టరు చెప్పాడు.

"ఆవేళ నిన్ను లేపడం నాదే బుద్ధితక్కువ," అన్నాడు డెవిట్.

"ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఎత్తు బండిని."

"కాఫీ కాకుండానా?"

బోల్టు ముట్టే ముందు ఆ మనిషి పాత్రలోనే కాఫీ కాచి, తలా ఒక మంచి మాట చెప్పుకోవాలి. డెవిట్ లోపలికి వెళ్ళాడు. కాసేపటిదాకా రాలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పక్క సర్దినట్టే ఉంది. అన్నీ ఎక్కడివక్కడే. కళ్ళజోడు ఒక్కటే కనబడలేదు."

"అది కూడా నీకే కావాలా?" అంది వెర్లీన్.

డెవిట్ అందరికీ కాఫీ పోశాడు. ముందు తనే చెప్పాడు. "చూపు మసకబారాక కూడా నా రేడియేటర్ చిల్లును వేలితో తడిమి పట్టేశాడు."

అందరూ వెర్లీన్ వైపు చూశారు.

"జాకీ ఎవరికీ అరువిచ్చేవాడు కాదు," అంది.

"మంచి మాట చెప్పాలి," అన్నాడు డెవిట్.

"మంచి మాటే. అందుకే జాకీ ఇంకా కొత్తగా ఉంది. పద."

డెవిట్ ఉండబట్టలేకపోయాడు. "అది కాదు వెర్లీన్, నీకెలా తెలిసింది?"

"మంగళవారం నుంచి ఆ తలుపు తెరుచుకోలేదు. చాలా? ఇంకా అడుగుతావా?"

మర్యాద తప్పినందుకు డెవిటే సిగ్గుపడ్డాడు.

తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన రాలేదు. డెవిట్ ఇసుకలో వెల్లకిలా పడుకుని నూనె పోస్తూ, సుత్తితో కొడుతూ, తిడుతూ విప్పాడు. పైన ఒకడు కిటికీ ఊడదీశాడు. ఇంకొకామె పొయ్యి పట్టుకుపోయింది. పొద్దు వాలేసరికి ఇరుసు బయటికొచ్చింది.

"మిగతాది ఆదివారం చూద్దాం. నడుం విరిగింది," అన్నాడు డెవిట్.

"నీ నడుం ఇప్పుడు విరిగిందా? పుట్టినప్పటి నుంచీ అంతేగా. రేపు మధ్యాహ్నానికల్లా నా బండి కింద ఉండాలి."

"ఉత్తరం ఎక్కడికీ పారిపోదు."

"నేను పోవాలి."

తెల్లారి డెవిటే దాన్ని ఆమె బండికి బిగించాడు. బ్రేకు గొట్టాలు కలిపాడు. బిగించిన ప్రతి నట్టునూ మళ్ళీ బిగించి చూశాడు.

"నా మీద ఇంత ప్రేమేమిటి?" అంది వెర్లీన్.

"నీ మీద కాదు. ఆర్విల్ ఇరుసు మీద."

ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. ఊడదీసిన తన ఐదు నట్ల ఇరుసును కాలితో అతని వైపు తోసింది. "ఇది ఉంచుకో. నీకిదే ఎక్కువ."

వెనక్కి చూడకుండా బండి తీసింది. కిటికీలు, చక్రాలు లేకుండా రాళ్ళ మీద నిలబడ్డ ఇంటిబండి పక్కన డెవిట్ ఒక్కడే మిగిలాడు. బానెట్ మీది కప్పుల దుమ్మును చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

హైవే మలుపులో ఆగిన బస్సులోంచి, మంగళవారం వెర్లీనే దగ్గరుండి ఆసుపత్రికి బస్సెక్కించిన ఆర్విల్, కంటికి ఆపరేషన్ కట్టుతో, అందరికీ తెచ్చిన డోనట్ల పెట్టెతో దిగి, వెళ్ళిపోతున్న ఆమె బండికేసి నవ్వుతూ చెయ్యి ఊపాడు.