ఖాళీ గడి

వకీలు సారూ, క్యాంపస్‌లో చాయ్ డబ్బా నడిపే సోమమ్మను. నా కేసు రాసుకోండి.

డబ్బాలవాళ్ల ఫోటోలతో క్యాంపస్ ఆఫీసులో పనిచేసే పిల్లగాడు ఇమ్మానుయేల్ ఇంటర్నెట్ పేజీ చేశాడు. తార్నాకలో అతని గదికి చాయ్ తీసుకెళ్తే, అతని సొంత కంప్యూటర్‌లో నా మొఖం కనిపించింది. క్యాంపస్ కంప్యూటర్‌లో ఆ పేజీ చూస్తే అందరూ ఉన్నారు, నా గడి ఖాళీ. అందులో లేకుంటే డబ్బా ఎత్తేస్తారని నా భయం. నాకు చదువు రాదు, పేజీ పైన ఏం రాసుందో తెలియదు. ఇమ్మానుయేల్‌నే అడిగాను.

"నా మొఖం తొవ్వల పడ్డదారా?"

"తప్పు యాడున్నదో దొరుకుతలేదవ్వా. రేపు చూస్త."

మూడు రోజులు అదే మాట. నాకు కాలు నిలవలేదు. నాలుగోనాడు అతని పై ఆఫీసరునే పిలుచుకొచ్చాను. ఆయన ముందర క్షణంలో ఫోటో పెట్టాడు.

బయటికొచ్చాక ఇమ్మానుయేల్ ఏడ్చాడు. "చెప్పొద్దన్నరవ్వా. ఆ పేజీల ఉన్నయన్నీ ఎత్తేసే డబ్బాలు. నిన్ను నేనే దాచిన."

సారూ, డబ్బా ఎత్తేయొద్దని వేసే కేసులో ఆ పిల్లగాని పేరు రాయొద్దు, అతని కొలువు పోతుంది. ఆ మొఖం నేనే పెట్టించుకున్నానని రాయండి.