మంచి గొంతు

"ఒప్పుకో శ్రావణ్. పొరపాటు నీదే అను. ఇంకేం అడగ నిన్ను" అంది సునంద మేడం.

"చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకోవాలె మేడం?"

అబిడ్స్‌లో బట్టల దుకాణాల పైన, మూడో అంతస్తులో ఉన్న ఆ చిన్న ల్యాబులో పొద్దున్నుంచి ఇదే పంచాయితీ. సునంద అక్కడ పెద్ద సైంటిస్టు. శ్రావణ్ ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. గొంతు క్యాన్సర్ గడ్డల్లోని కణాలను విడదీసి, ఒక్కోదాని జన్యువులనూ చదవడం వాళ్ల పని. గడ్డను ముద్దగా చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. విడివిడిగా చదివితేనే వాటి మధ్య నక్కిన మొండిఘటాలు బయటపడతాయి. అవి ఏ మందుకూ లొంగవు. అవి దొరికిన రోగుల్లో ఇప్పటిదాకా బతికి బట్టకట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈసారి నాంపల్లి దవాఖానలో ఆపరేషన్ అయిన కిష్టవ్వ గడ్డలో ఆ మొండికణాలు బోలెడు దొరికాయి. అందులో వింతేమీ లేదు, ఆమె పోయి నెల దాటింది కూడా. వింతల్లా రెండో ట్యూబులో కూడా అవే కనిపించడం. అందులో ఉన్నవి, పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేని ఒక మగమనిషి గొంతులోంచి బ్రష్‌తో తీసిన కణాలు. ల్యాబులో అందరూ దాన్ని 'మంచి గొంతు' అంటారు. ఇచ్చినవాళ్ల పేరు బయట పెట్టకూడదు కాబట్టి ట్యూబు మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు.

"రెండు ట్యూబులూ ఒకే పొద్దు నీ చేతిలనే ఉన్నయ్. కణాలు పీల్చే పిపెట్‌కు కొత్త టిప్పు పెట్టుడు మరిచినవ్. కిష్టవ్వ కణాలు దీంట్లకు వచ్చినయ్. అంతే కదా?"

"ప్రతిసారి మార్చిన మేడం. మా అవ్వ మీద ఒట్టు."

"కావచ్చు. ఒక్కసారి మరిచి ఉంటవ్. గుర్తు తెచ్చుకో, జర."

శ్రావణ్‌కు ఒళ్లు మండింది. ల్యాబులో ఒకసారి ట్యూబులు కలిపేసినోడని పేరు పడితే ఇక అంతే సంగతులు. ఇంతకాలం పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇక్కడే కాదు, ఈ ఊళ్లో ఇంకెవరూ తనను ట్యూబు ముట్టుకోనివ్వరు.

అయినా మేడం తీరు అతనికి అంతుపట్టడం లేదు. మామూలుగా కోపం వస్తే ఇంగ్లీషులో ఉతికి ఆరేస్తుంది. ఇవాళ తిట్టడం లేదు, బతిమాలుతోంది.

"నీ పీహెచ్‌డీకి ఏం గాదు. బయటోళ్లకు నా తప్పే అని చెప్పుకుంట. నువ్వు నా ముందట ఒక్క మాట అను, చాలు."

ఎవరినో కాపాడటానికి తనను బలిపశువును చేస్తోందని శ్రావణ్‌కు గట్టి అనుమానం వచ్చింది. పెద్దవాళ్ల తెలివితేటలు ఇలాగే ఏడుస్తాయి అనుకున్నాడు.

"మేడం, ఒక పని చేద్దాం. గా మొండికణాలు ఆడమనిషివా, మగమనిషివా చూద్దాం. కిష్టవ్వవైతే ఆడకణాలే ఉండాలె గద. గట్లుంటే తప్పు నాదే. బ్యాగు తీస్కొని ఇప్పుడే పోత."

"అవసరం లేదు."

"ఎందుకు లేదు? ఫణి చిటికెల చెప్తడు."

మూల కంప్యూటర్ దగ్గర కూర్చున్న ఫణికుమార్ తలెత్తి చూశాడు. లెక్కలన్నీ చూసేది అతనే. మగకణాల్లో మాత్రమే ఉండే జన్యువులు కొన్ని ఉంటాయని, వాటిని చూస్తే కణం ఆడమనిషిదో మగమనిషిదో తేలిపోతుందని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. శ్రావణ్‌కు అది నేర్పింది మేడమే. మరి పొద్దున్నుంచి ఆ మాట ఎందుకు ఎత్తలేదు? తనను ఇరికించడానికి కాకపోతే ఇంకెందుకు? శ్రావణ్ పట్టు బిగించాడు.

"చూడు ఫణన్నా. నా బతుకు నీ చేతిలనే ఉంది."

"వద్దు ఫణీ" అంది సునంద. కానీ ఆ గొంతులో బలం లేదు. ఫణి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కీబోర్డు మీద వేళ్లు ఆడించాడు. మేడం కుర్చీ వెతుక్కుని కూలబడింది.

కింద రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి. శ్రావణ్ వెళ్లి ఫణి వెనక నిలబడ్డాడు. ఒకవేళ నిజంగానే మరిచిపోయానా అని ఒక్క క్షణం భయపడ్డాడు.

"కిష్టవ్వవి కావు" అన్నాడు ఫణి. "అన్నీ మగకణాలే. ఒక్క ఆడకణం లేదు. ఇవి ఆ మనిషివే, బయటనుంచి వచ్చి పడ్డయి కావు."

"చూసిన్రా మేడం! నేను చెప్పలే?" శ్రావణ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పరువు తనకు దక్కింది. మేడం మొహం మీదే నవ్వాలనిపించింది.

ఆ సంబరం కాస్త చల్లారాక గానీ అసలు సంగతి తట్టలేదు. ఏ రోగమూ లేదనుకుని గొంతు ఇచ్చిపోయిన మగమనిషి ఒకడు ఈ ఊళ్లో ఎక్కడో తిరుగుతున్నాడు. పాపం, అతని పని అయిపోయినట్టే.

"ఆయనకు చెప్పాలె కద మేడం?" అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరాయన? యాడుంటడు?"

సునంద ఆ రెండో ట్యూబును చేతిలోకి తీసుకుంది.

"ఆ పొద్దు మంచి గొంతు ఇస్తనన్న మనిషి రాలే. మా ఆయన నన్ను నాంపల్లి దవాఖానల దింపనీకి వచ్చిండు. నీ గొంతుకేంది, మంచిగనే ఉంది, ఇచ్చిపో అని నేనే కూసోబెట్టిన" అంది. "తప్పు నీదైతే ఎంత బాగుండు శ్రావణ్!"