బావమరిదికి జలుబు

"వాడి వాలకం చూడు బావా. మన బూట్లు లోపల పెట్టు," అన్నాడు గాలిహ్.

గుడారాల పక్కన ఒక ముసలాయన వంగి నేల తడుముతున్నాడు. ఆకాశంకేసి చూసి నిట్టూరుస్తున్నాడు.

"ఏం పోగొట్టుకున్నావు పెద్దాయనా?" అని గద్దించాడు బావ సుగెంగ్.

"ఏం లేదు బాబూ. గాలి ఆగిపోయింది. తెల్లారేసరికి మంచు గడ్డకట్టేలా ఉంది. బంగాళదుంప మొక్కకి అది విషం."

"నీ నోట్లో పంచదార పొయ్య. ఆ మంచు చూడ్డానికే కదా సెమరాంగ్ నుంచి ఇంతదూరం వచ్చాం," అన్నాడు గాలిహ్.

ముసలాయన చేనుకేసి వెళ్ళిపోయాడు.

సుగెంగ్‌ గుండెల్లో మాత్రం రాయి పడింది. బయల్దేరేటప్పుడు భార్య ఎందాంగ్ వేలు చూపించి మరీ చెప్పింది. "నాకున్నది ఒక్కడే తమ్ముడు. వాడు తుమ్మాడో, మీరు ఆ డియెంగ్ కొండమీదే కాపురం పెట్టుకోండి."

ఖర్చు లేకుండా చలి కాచుకోవడం తనకి వెన్నతో పెట్టిన విద్య అని కోతలు కోసిందీ సుగెంగే. తెచ్చిన సరంజామా అద్దె గుడారం, రెండు లుంగీలు, పాత పేపర్లు, వేడినీళ్ళ సీసా.

చీకటి పడగానే చలి పట్టుకుంది. ఇద్దరూ చొక్కాల్లో పేపర్లు కుక్కుకున్నారు. కదిలితే చాలు, బజ్జీల పొట్లాల్లా గరగరలాడారు. సీసా మూత సరిగ్గా బిగించనిది ఎవరో ఇప్పటికీ తేలలేదు. గాలిహ్ లుంగీ తడిసి ముద్దయింది.

"బావా, నా పళ్ళు నా మాట వినట్లేదు."

"ఏమైనా చెయ్యి. తుమ్మకు."

గుడారం తెర కదిలింది. మళ్ళీ ఆ ముసలాయనే. భుజంమీద పెద్ద నల్ల ప్లాస్టిక్ పట్టా, చంకలో ఎండుగడ్డి.

"మీ పళ్ళ చప్పుడు చేనుదాకా వినిపిస్తోంది. పైన ఎన్ని కప్పుకుంటే ఏం లాభం? చలి కిందనుంచి కదా కరిచేది. లేవండి."

గడ్డి పరిచి, దానిమీద పట్టా మడతలు మడతలుగా వేశాడు. తడి లుంగీ విప్పించి తన పొడి లుంగీ ఇచ్చాడు.

"పొద్దున్నే అద్దె ఎంతంటాడో," అని గొణిగాడు గాలిహ్, ఆయన వెళ్ళాక.

తెల్లారింది. గాలిహ్ ముక్కు పొడిగా ఉంది. సుగెంగ్‌కి ప్రాణం లేచొచ్చింది.

బయట చేలన్నీ నల్ల పట్టాల కింద ముసుగుతన్ని పడుకున్నాయి. ఒక్క మడి మాత్రం తెల్లగా మెరిసిపోతోంది. ఆ మడిలో గాలిహ్ నిలబడి, కూర్చుని, పడుకుని ఫోటోలు దిగాడు. తీసి తీసి సుగెంగ్ వేళ్ళు కొంకర్లు పోయాయి.

ఎండెక్కాక సుగెంగ్ పట్టా మడతపెట్టుకుని కాఫీ కొట్టు దగ్గరికి వెళ్ళాడు.

"ఇది ఎవరో పెద్దాయనదమ్మా. ఇచ్చేద్దామని."

కొట్టు ఆమె దాన్ని తిప్పి చూసింది. "సర్మిన్ గారిది. నిన్న పొద్దుగూకాక అందరితోపాటు ఆయనా తన మడికి కప్పాడే. మళ్ళీ ఎందుకు తీశాడో మరి."

"ఎక్కడుంటాడాయన?"

ఆమె చేలకేసి చెయ్యి చూపించింది.

ఇందాక గాలిహ్ ఫోటోలు దిగిన మడిలో, మంచు కరిగి నల్లగా వాలిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే పీకి గట్టుమీద పడేస్తున్నాడు ముసలాయన.