వెనక పోసిన నీళ్లు

"ఉంగరం తీసెయ్యాలక్కా," అంది నర్సు గింకా. "సబ్బు రాస్తే వచ్చేస్తుంది. గోళ్ల రంగు, పెట్టుడు పళ్లు ఉంటే అవీ తీసెయ్యాలి. ఇక ఆపరేషన్ అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు."

"పళ్లు నా సొంతమే," అంది జ్లతీనా మంచం మీద నుంచి.

"నోరు కూడా సొంతమే. సబ్బు రాసినా ఊడదు," అన్నాడు ఆమె భర్త స్టామెన్.

హాస్యమాడాడే గానీ అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. జ్లతీనా కిడ్నీలో గడ్డ ఉందని తెలిసినప్పటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. ఆ కిడ్నీ తీసేస్తే గండం గడుస్తుందన్నారు, రెండోది బాగానే ఉందన్నారు. ఆలస్యమైతే మాత్రం ఏమీ చెప్పలేమన్నారు. ఆ ఊళ్లో ఆ ఆపరేషన్ చేయగలిగింది డాక్టర్ వల్చెవ్ ఒక్కడే. ఆయన చేతికి ఖాళీ దొరికేసరికి పెరట్లో చెర్రీ చెట్టు పూత రాలి కాయ పండింది.

గింకా చెప్పుకుంటూ పోయింది. మెలకువ వచ్చేసరికి ఒంటికి గొట్టాలుంటాయి, హడలిపోకూడదు. నాలుక పిడచగట్టుకుపోతుంది, పెదాలు తడుపుతారు తప్ప తాగనివ్వరు. మర్నాడే లేపి నడిపిస్తారు, తిట్టుకోకూడదు.

"డాక్టరుగారు వచ్చి ఒంటి మీద గుర్తు పెడతారు. ఏ వైపని అడిగితే నువ్వే నీ నోటితో చెప్పాలక్కా."

స్టామెన్ సంచీలోంచి చెప్పులు, తువ్వాలు, చెంచా, కప్పు తీసి సర్దాడు. అలవాటు కొద్దీ కప్పు నిండా నీళ్లు పట్టి మంచం పక్కన పెట్టాడు.

జ్లతీనా ఎడమ చేయి నడుముకు ఆనించుకుని కూర్చుంది. "మీ అమ్మ ఉంటే, వెళ్లిన పని నీళ్లలా సాఫీగా సాగాలని నా వెనక నీళ్లు పోసేది. నువ్వు మొదటిసారి బస్సు తీసిన రోజున పోసిందిగా."

"పోసింది. బస్సు కొండెక్కకుండానే ఆగిపోయింది. నీకు కావాల్సింది డాక్టరు, కప్పుడు నీళ్లు కాదు."

డాక్టర్ వల్చెవ్ వచ్చాడు. కిడ్నీల స్కాన్ ఫిలింను కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. ఆయన భుజం మీదుగా స్టామెన్ కూడా మెడ సాచి చూశాడు.

"ఏ వైపమ్మా?" అన్నాడు డాక్టరు.

జ్లతీనా నోరు తెరవబోయింది.

"కుడి," అన్నాడు స్టామెన్. "దాన్నడిగితే తెల్లారుతుంది డాక్టరుగారూ. ఉప్పు డబ్బా కుడివైపుందంటుంది, ఎడమవైపుంటుంది. నేను బస్సు తోలేవాణ్ణి. కుడీ ఎడమా చూసుకునే కూడు తింటున్నాను."

డాక్టరు నవ్వాడు. "అవును, కుడే," అని మళ్లీ ఒకసారి ఫిలిం చూసి, జ్లతీనా కుడి డొక్క మీద నల్లటి కలంతో గుర్తు పెట్టాడు.

"అన్నీ నువ్వే చెప్పేస్తున్నావుగా, మత్తు కూడా నువ్వే తీసుకో," అంది జ్లతీనా మొగుడితో.

తోపుడు మంచం వచ్చింది. దాని మీద పడుకున్నాక ఆమె గొంతు చిన్నదైపోయింది. "స్టామెన్, పిల్లికి పాలు పొయ్యడం మర్చిపోకు," అంది. అంతే. మంచం నడవాలోకి కదిలింది.

 నమ్మకాలూ లేవు, గిమ్మకాలూ లేవు అని జీవితమంతా వాదించిన మనిషి స్టామెన్. ఆ క్షణంలో అమ్మే గుర్తొచ్చింది. కప్పు అందుకుని పరిగెత్తి, మంచం వెళ్లిన దారిలో నీళ్లన్నీ గుమ్మరించాడు.

వెనకాలే గబగబా వస్తున్న డాక్టర్ వల్చెవ్ ఆ నీళ్ల మీద కాలేశాడు.

కుడి చేయి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు విరిగిన చప్పుడు గింకాకు కూడా వినిపించింది.

తర్వాత అంతా నిమిషాల మీద జరిగిపోయింది. డాక్టర్ని ఎముకల వార్డుకు తీసుకెళ్లారు. జ్లతీనాను వెనక్కి తెచ్చారు. గింకా గుడ్డ పెట్టి నేల తుడుస్తూ, "నీకు బుద్ధుందా స్టామెనన్నా. ఆయన చేయి కత్తి పట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలుసా," అంది. అతనికి తెలుసు. జ్లతీనాకు అంత వ్యవధి లేదనీ తెలుసు.

గోడకు తల బాదుకున్నాడు. "నా చేతులారా చంపుకున్నాను దీన్ని," అని పసివాడిలా ఏడ్చాడు. కట్టు కట్టించుకుని వచ్చిన డాక్టరు కాళ్ల మీద పడ్డాడు. ఆయన ఎడమ చేత్తోనే ఫోన్ పట్టుకుని ప్లోవ్‌దివ్ నగరంలో పెద్దాసుపత్రికి చేసి, బతిమాలి, ఎవరిదో వాయిదా పడిన ఆపరేషన్ చోటు ఇప్పించాడు.

అంబులెన్సులో స్టామెన్ తల ఎత్తలేదు.

"మీ అమ్మ మనుషుల వెనక పోసేది. నువ్వు డాక్టరు కింద పోశావు," అంది జ్లతీనా.  ఆమె అతని చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. 

పెద్దాసుపత్రిలో అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఉంగరం, గోళ్లు, నీళ్లు ముట్టొద్దు. ఇక్కడ ఆపరేషన్ చేసేది ఒక డాక్టరమ్మ. నవ్వే రకం కాదు.

"ఏ వైపు?" అంది.

జ్లతీనా అలవాటుగా మొగుడి వైపు చూసింది. స్టామెన్ గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఇక జన్మలో నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

"కుడీ ఎడమా నాకు తెలియవమ్మా," అంది జ్లతీనా చివరికి. "లాగేది మాత్రం ఇక్కడ." ఎప్పటిలాగే చేయి నడుముకు ఆనించింది.

డాక్టరమ్మ ఆమె డొక్క మీద నల్లటి గుర్తును చూసింది. ఫిలింను వెలుగుకు పట్టింది. మూలన పేరు అద్దంలోలా తిరగబడి కనిపించేసరికి, దాన్ని తిరగేసి మళ్లీ పట్టి, చాలాసేపు అలాగే నిలబడింది. స్టామెన్ తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఇక్కడ కూడా కాదంటే తీసుకెళ్లడానికి అతనికి ఇంకో చోటు లేదు.

డాక్టరమ్మ స్పిరిట్ దూదితో ఆ గుర్తు తుడిచేసి, ఎడమవైపు పెట్టింది.